ఆరని పలక

పోయిన నెల ఒక శనివారం చిక్కబళ్ళాపురం మార్కెట్టులో దొండకాయలు ఏరుకుంటూ ఉంటే, కాయల కింద పరిచిన రెండాకులు వేళ్ళకు తగిలి నలిగినాయి. ఊరికే చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చిగా, కొంచెం చేదుగా, వాన వెలిసినాక దడి పక్కన వచ్చే ఆ వాసన తగిలేసరికి చుట్టూ ఉన్న ఆటోల రొద, కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చల్లేవాళ్ళ కేకలు, అన్నీ యాడికో పోయినాయి. "కాయలు చాలు, ఆకులుంటే నాలుగియ్యమ్మా" అన్నాను. గంప ముందర కూర్చున్నామె నన్ను కిందికీ మీదికీ చూసి, "ఆకులేంటికమ్మా, ఇంట్లో మేకలు కట్టినావా?" అని నవ్వి, అడుగున వాడిపోయిన ఆకులు గుప్పెడు తీసి సంచిలో వేసింది. ముప్పై ఏండ్లుగా హైస్కూలు పిల్లలకు వ్యాసం ఎట్లా రాయాలో నేర్పుతున్న టీచరమ్మను, ఆ గుప్పెడు ఆకులు పట్టుకుని నడిబజార్లో కండ్లు తుడుచుకున్నానంటే మీరు నవ్వుకుంటారేమో. నవ్వుకోండి. ఆ ఆకులకూ నాకూ ఉన్న లెక్క వేరే.

మా ఊరు బాగేపల్లి తాలూకాలో గూళూరు దగ్గర. నల్లరాళ్ళ గుట్టలు, వానొస్తే శెనక్కాయ, రాకపోతే ఉత్త దుమ్ము, పెరటి దడి మీద మాత్రం ఏ కాలమైనా పచ్చగా పాకి ఉండే దొండపాదు. ఆ రోజుల్లో బడికి పోయే ప్రతి పిల్లకూ పలక ఒకటుండేది, రాతిపలక, చుట్టూ కొయ్య చట్రం. రాసి రాసి, ఎంగిలితో తుడిచి తుడిచి అది తెల్లబారిపోతే, పొయ్యిలోని బొగ్గు పొడిచేసి, దొండాకు కలిపి నలిపి, ఆ పసరు పలక నిండా రుద్ది, గోడకు ఆనించి ఎండలో పెట్టేవాళ్ళం. అరచేతులు ఆకుపచ్చగా, గోళ్ళ సందుల్లో నల్లగా, గౌనుకు మరకలు, అమ్మ తిట్లు. ఆరిన పలక మీద బలపంతో గీత గీస్తే తెల్లగా, నిక్కచ్చిగా పడేది. మిగతా పిల్లలు ఈ పని ఆదివారం చేసేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం ఉత్తరం రాసే రోజు చెయ్యాల.

అది మా అవ్వ పెట్టిన చట్టం. అవ్వ అంటే మా నాయన తల్లి. పొట్టి మనిషి, చెవుల కమ్మలు తీసేసినాక ఆ రంధ్రాల్లో వేపపుల్లలు, నడుములో వక్కాకు సంచి, మాట మాత్రం ఊరవతల దాకా వినిపించేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా మా ఇంటి నుంచి పోయే ప్రతి ఉత్తరమూ ఆమెదే. నాయనకు సేద్యం తప్ప ఇంకో ధ్యాస లేదు, అమ్మకు పొయ్యి, పశువులు. కాబట్టి నాకు ఎనిమిదేండ్లు వచ్చి చేతిరాత కుదిరినప్పటినుంచి అవ్వ నోరు, నా చెయ్యి, ఇద్దరం కలిసి ఒక మనిషి అన్నమాట. మాటలు తెలుగువి, అక్షరాలు కన్నడవి. మా పక్కన అందరూ అట్లాగే రాసుకునేవాళ్ళు, ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, ఉత్తరంలో రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నడిచేవి. తెలుగు అక్షరాలు నేను పెండ్లయినాక ఎప్పుడో నేర్చుకున్నాను.

పొద్దున్నే అవ్వ, "పాపా, పలక్కు పసరు రుద్దు, ఈ పొద్దు రాసేదుండాది" అనేది. రుద్ది ఎండలో పెట్టినాక అది ఆరేదాకా ఆమె ఒక్క మాట మాట్లాడేది కాదు. చలికాలమైతే అనపకాయలు ముందరేసుకుని, నానబెట్టిన గింజను బొటనవేలితో నొక్కి తోలు ఊడబెరుకుతూ పితికిపప్పు చేసుకుంటూ, వేసంగి అయితే ఉగాది ఒబ్బట్లకు బెల్లం దంచుకుంటూ, వానకాలమైతే రాగులు చెరుగుతూ, పెదవులు మాత్రం కదిలించుకుంటూ కూర్చునేది. నేను అరుగు మీద అచ్చంగాయలు ఆడుకుంటూ మాటిమాటికీ లేచి పోయి పలకను వేలితో తాకి చూసేదాన్ని. వేలికి నలుపు అంటితే ఇంకా ఆరలేదని. ఆ ఆరే టయం కోసమే అవ్వ పలక రుద్దించేదని నాకు తెలియదు. బలపం బాగా పడాలని రుద్దిస్తోందని అనుకునేదాన్ని.

ఆరినాక మొదటి మాటు చెప్పేది. ఆ చెప్పడం వినాల మీరు. ఎవరి మీద ఎంత కోపముంటే అంతా, కడుపులో ఉన్నది ఉన్నట్టు, తిట్లతో సహా. నేను పలక మీద గబగబా రాసేదాన్ని. "యాడిదాకా వచ్చినావు? సదువు" అనేది. చదివితే తన తిట్లు తానే విని కొంచేపు నవ్వేది, ఇంకొంచేపు ముక్కు చీదేది, "సరే, తుడిచెయ్యి" అనేది. గుడ్డతో తుడిచేసేదాన్ని. రెండో మాటు చెప్పేటప్పుడు ఊరి సంగతులన్నీ వచ్చేవి, ఎవరి ఆవు ఈనింది, ఎవరి బోరులో నీళ్ళు పడలేదు, అసలు సంగతి మాత్రం యాడనో చిక్కుకుపోయేది. అదీ తుడిచేయడమే. అప్పుడు అడిగేది అసలు ప్రశ్న. "ఇది చేతికందేపొద్దుకు ఆ బిడ్డ యాడ కూర్చోనుంటాది? పక్కన ఎవరుంటారు?" నాకేం తెలుసు, "ఇంట్లో ఉంటాది" అనేదాన్ని. "ఇంట్లో యాడ? పొయ్యికాడా, అత్త ఎదురుగానా? గట్టిగా సదివితే ఎవరి చెవిన పడతాది?" అని తనే ఆలోచించుకునేది. మూడో మాటు చెప్పిందే నీలం ఇన్‌లాండు కాగితం మీదికి ఎక్కేది. అది నాలుగైదు మాటలే, అయినా ఒక్క మాట తీసెయ్యడానికుండేది కాదు. రాసింది నేను పైకి చదవాల, ఆమె కండ్లు మూసుకుని వినాల, ఆ తర్వాతే మెతుకు పెట్టి అంటించడం.

ఇంత తతంగమూ ఎక్కువగా రత్నత్త కోసమే. రత్నత్త నాయనకు చెల్లెలు, అవ్వకు కడగొట్టు బిడ్డ. నాలుగో తరగతి దాకా చదివింది. నాకు మొదటి అక్షరాలు దిద్దించిందీ ఆమే, నేను రాసే ఆ పలకా ఆమెదే, చట్రం మూల కొరికిన పంటి గుర్తులు కూడా ఆమెవే. నా తల దువ్వేటప్పుడు చిక్కులు తీయడానికి ఆమెకుండే ఓపిక మా అమ్మకు ఉండేది కాదు, కనకాంబరాలు కట్టి జడలో పెట్టి, మెడ వంచి చూసి, బాగాలేదని మళ్ళీ తీసి కట్టేది. చింతామణి తాలూకాలో కైవారం పక్క ఊరికి ఆమెనిచ్చినారు. పట్టుపురుగులు మేపే ఇల్లు, ఇంటినిండా తట్టలు, ఆకు కోసే పని, తట్టలు మార్చే పని, తెల్లారితే మొదలు. ఆమె పోయినాక నా తల మళ్ళీ అమ్మ చేతికొచ్చింది, చిక్కులు తీయకుండానే జడ వేసేది.

నాకు పదేండ్ల వయసులో, శ్రావణంలో తాత తద్దినానికి రత్నత్త రాలేదు. పురుగులు చంద్రికెల మీద, ఆ వెదురు చాపల మీద, గూడు కట్టే వారమది, ఇంట్లో ఒక్క చెయ్యి తగ్గినా కుదరదని అత్తగారు పంపలేదట. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆ పొద్దు మాత్రం అవ్వ విస్తరాకు ముందర వీధి వైపు చూస్తూ కూర్చుండిపోయింది. తర్వాత గౌరి పండగ వచ్చింది. పుట్టింటి నుంచి ఆడబిడ్డకు పోవలసిన బాగినం చేట, పసుపు కుంకుమ, గాజులు, రవికగుడ్డ, బియ్యం, బెల్లం పెట్టి, పైన ఇంకో చేట మూసి అమ్మ సిద్ధం చేసింది. అవ్వ దాన్ని పంపనియ్యలేదు, అటక మీద పెట్టించింది. ఇంతలో రత్నత్తకు ఏడో నెల పడిందని చింతామణి సంతకు పోయొచ్చినవాళ్ళు చెప్పినారు. తొలిచూలు, పుట్టింట్లో పురుడు పోయాల. మూడు రోజులు అవ్వ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నాలుగో పొద్దు తెల్లారగానే "పాపా, పలక రుద్దు" అనింది.

ఆ పొద్దే మా ఊరి వినాయకుణ్ణి నీళ్ళలో కలిపే పొద్దు. ట్రాక్టరుకు అరటి కంబాలు కట్టినారు, తప్పెట్లు వచ్చినాయి, పిల్లలందరినీ ట్రాలీలో ఎక్కించుకుని చెరువు కట్టమీదికి తీసుకుపోతారు, కుడుముల్లాంటి కడుబులు పంచుతారు, తిరిగొచ్చేటప్పుడు పాటలు. ఏడాదికొక్కసారి వచ్చే ఆ సవారీ కోసం నేను వారం నుంచి ఎదురు చూస్తున్నాను. పలకేమో ఆరదు. ఆకాశం మూసుకోనుంది, సన్నగా తుంపర. పొయ్యి దగ్గర పెట్టినాను, కొంగుతో విసిరినాను, ఊదినాను. వేలు పెడితే వేలికి నలుపే. వీధి చివర తప్పెటలు మొదలైనాయి.

"ఆరిందా?" అనింది అవ్వ.

"ఆరింది" అన్నాను.

అబద్ధాల్లో మొదటిది అది. తడి పలక మీద బలపం పడదు. అందుకని ఇన్‌లాండు కాగితం తీసి పలక మీద పరిచి, పెన్ను తీసుకుని, అవ్వకు కొంచెం పక్కకు తిరిగి కూర్చున్నాను. ఆమె రాగుల చేట ఒళ్ళో పెట్టుకుని వీధి వైపు చూస్తా ఉంది. నా తెలివి ఏమిటంటే, ఆమె తిట్లన్నీ వదిలేసి, చివరికి తేలే నాలుగు మాటలు నాకు ముందే తెలుసు కదా, అవి నేనే నేరుగా రాసేస్తే రెండు పలకల పని తప్పుతుందని. కానీ ఆమె మొదలుపెట్టగానే నా చెయ్యి నా మాట వినలేదు. బళ్ళో ఉక్తలేఖనంలో నాకే ఎప్పుడూ మొదటి మార్కు, మేష్ట్రు నోట్లోంచి మాట ఊడి పడే లోపల కాగితం మీద ఉండేది, అర్థం గురించి ఆలోచన ఉండేది కాదు. ఆ పొద్దూ అంతే. చెవులు తప్పెట్ల మీద, చెయ్యి అవ్వ మాట మీద.

"రత్నా, నీకు పురుగుల మీదుండే ధ్యాస కన్నతండ్రి మీద లేకపోయె. సచ్చినోనికి పిడికెడు మెతుకులు పెట్టే పొద్దుకు నీకు తీరిక దొరకలేదు. ఇంగ నువ్వు నాకు బిడ్డవు కావు, నేను నీకు అమ్మను కాను. పురుడుకని ఈడికి రావొద్దు. నేను సచ్చినా సరే, ఈ గడప తొక్కొద్దు."

అని ఆమె ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చూసుకుంటే నీలం కాగితం సగం నిండింది. ప్రతి అక్షరమూ గుండ్రంగా, అందంగా, ఒక్క కొట్టివేత లేకుండా.

"తుడిచెయ్యి పాపా" అనింది అవ్వ.

నేను కాగితం మీద అరచెయ్యి అటూ ఇటూ ఆడించినాను.

ఆ చెయ్యే ఇది. ఇప్పుడు ఈ మాటలు రాస్తున్న ఈ చెయ్యే. అవ్వ రెండో మాటు చెప్పింది, పెన్ను గాల్లో తిప్పుతూ కూర్చున్నాను. ఇల్లంతా వెతికినా ఇంకో ఇన్‌లాండు లేదు, కావాలంటే నాయన గూళూరుకు పోవాల. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్తే తిట్టేది, అంతే, చంపేది కాదు కదా! అంతలో ట్రాక్టరు స్టార్టు చేసిన చప్పుడు వినబడింది. అవ్వ కండ్లు మూసుకుని, "ఆ బిడ్డ యాడుంటాదో యేమో, ఏ తట్ట మోస్తాంటాదో" అని, మూడో మాటు చెప్పింది. చాలా మెత్తగా చెప్పింది. చెప్పి, "సదువు" అనింది.

కాగితాన్ని ముఖం ముందర పెట్టుకుని, అందులో లేని ఉత్తరం చదివినాను. అక్షరం పొల్లు పోకుండా, ఆమె అప్పుడే చెప్పిన మాటలన్నీ అప్పజెప్పినాను. అవ్వ మొహంలో మూడు రోజుల ముడి విడిపోయింది. "బాగుండాది. అంటించు" అనింది. మెతుకు పెట్టి అంటించి, పరిగెత్తి అంచె డబ్బాలో పడేసి, పరిగెత్తి ట్రాలీ ఎక్కినాను. కట్ట మీద నాకిచ్చిన కడుబును రెండుగా చేసి తింటుంటే చేతినిండా దొండాకు వాసన. పాటలు కూడా పాడినాను నేను, సిగ్గులేకుండా.

అక్కడినుంచి ఎదురుచూపులు. పోస్టుమ్యాను సైకిలు గంట వినబడితే చాలు అవ్వ అరుగు మీదికి వచ్చేది. పాత చీరలు ఉతికి, మెత్తబడేదాకా మళ్ళీ మళ్ళీ ఉతికి, బిడ్డ గుడ్డలకని చించి మడిచి పెట్టింది. వామూ, శొంఠీ దంచి డబ్బాల్లో పోసింది. గడపకు ప్రతి శుక్రవారం పసుపు పూసేది అమ్మ పని, ఆ రెండు నెలలూ అవ్వే పూసింది. నేను బడి నుంచి వచ్చి ఆ గడప దాటుకుని లోపలికి పోయేదాన్ని, అన్నం తినేదాన్ని, నిద్రపోయేదాన్ని. పదేండ్ల పిల్లకు అంత మొండితనం యాడినుంచి వస్తుందో నాకిప్పటికీ తెలియదు. చెప్పకుండా గడిచిన ప్రతి రోజూ మరుసటి రోజు చెప్పడాన్ని కష్టం చేస్తూ వచ్చింది.

జవాబు రాలేదు. రత్నత్తకు చింతామణి ఆసుపత్రిలో కష్టమైన కానుపయి ఆడబిడ్డ పుట్టిందని కబురు వచ్చింది. నాయన పోయి చూసొచ్చినాడు. ఆయన మాటకారి కాదు, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, చెంబెడు నీళ్ళు తాగినాక చెప్పినాడు. "బిడ్డ బాగుండాది. దాని ఒంట్లోనే రక్తం లేదు. నన్ను సూసి ఏడిసింది గానీ ఏమీ అడగలేదు. అమ్మకు సెప్పు, అమ్మ సెప్పినట్టే ఇంటాండానని సెప్పు, అనింది."

"నేనేం సెప్తిని?" అనింది అవ్వ. నాయన వైపు చూసింది, అమ్మ వైపు చూసింది, చివరికి నా వైపు తిరిగింది. "ఏం రాసినావు పాపా ఉత్తరంలో?"

"నువ్వు చెప్పిందే రాసినా" అన్నాను.

అది నిజమే. నా బతుకులో నేను చెప్పిన అన్ని అబద్ధాలకంటే ఆ నిజం పాడుది. అవ్వ నన్ను నమ్మింది. ఉత్తరానికి జవాబియ్యని బిడ్డ, వచ్చిన అన్నతో ఎత్తిపొడుపు మాట పంపిన బిడ్డ, అని మనసు రాయి చేసుకుంది. "అది రాయనీ, అప్పుడు సూస్తాము" అనింది. ఆ తర్వాత ఆమె నన్ను పలక రుద్దమని అడగలేదు. అటక మీది చేటలో బెల్లం కారి చీమలు పట్టినాయి, అమ్మ దాన్ని దించి గంగలో కలిపింది.

ఇంకో నాలుగేండ్లు బతికింది అవ్వ. పోయినప్పుడు రత్నత్త వచ్చింది, నాలుగేండ్ల కూతుర్ని చంకన వేసుకుని, కైవారం నుంచి రెండు బస్సులు మారి. వాకిట్లో వేసిన పందిరి కిందికి వచ్చి ఆగిపోయింది. శవం ఇంకా నడింట్లోనే ఉంది. ఆడవాళ్ళు చేతులు పట్టి లాగినారు, "లోపలికి రాయే, తల్లి ముఖం సూసుకోవే" అని ఏడ్చినారు. రత్నత్త గడప ముందర మోకాళ్ళ మీద కూర్చుని, తలకాయ లోపలికి పెట్టి, నేలకు వంగి చూసింది. కాలు మాత్రం పెట్టలేదు. "మాయమ్మ తొక్కొద్దనింది" అని ఒక్క మాటే అనింది. అందరూ దుఃఖంలో ఏదో అంటోందని అనుకున్నారు. పద్నాలుగేండ్ల నేను అవ్వ తలదగ్గర దీపంలో నూనె పోస్తూ ఆ మాట విన్నాను. అప్పుడు లేచి నిలబడి ఒక్క మాట చెప్పి ఉంటే, ఆమె లోపలికి వచ్చి తల్లి కాళ్ళ మీద పడి ఏడ్చి ఉండేది. నేను నూనె పోస్తూనే ఉన్నాను.

తర్వాత నేను చదువుకున్నాను, టీచరునైనాను. మా బళ్ళో నాకొక పేరుంది. మిస్సు దగ్గర నేరుగా నోటుబుక్కులో రాస్తే చెంప పగులుతుందని పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్తారు. ముందు ఊరికే కూర్చోండి, తర్వాత చిత్తుకాగితం మీద రాయండి, మీది మీరే పైకి చదవండి, చదివేవాళ్ళు యాడ కూర్చుని చదువుతారో ఆలోచించండి, ఆ తర్వాతే మంచి కాగితం ముట్టండి అంటాను. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన సాహేబులు భేష్ అన్నారు. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారమ్మా అని అడిగితే మా అవ్వ దగ్గర అని గొప్పగా చెప్పుకున్నాను. ఆమె పద్ధతిని ఎట్లా చెడగొట్టినానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రత్నత్తకు ఉత్తరం రాయాలని ఎన్ని మాట్లు అనుకున్నానో! పెండ్లిళ్ళలో కనిపిస్తే నా తల నిమిరి, జడ సవరించి పోయేది. ఆమె తప్పు పట్టింది తల్లినే, నన్ను కాదు. ఆ నిమరడం తట్టుకోలేక ఇంటికి వచ్చి నోటుబుక్కు తీసేదాన్ని. ఇంకా సరిగా ఆలోచించుకోలేదు, ఇంకా మాట కుదరలేదు, ఇంకో మాటు చిత్తు రాద్దాం. సిద్ధం కావడమనే పేరు పెట్టుకుని దాక్కున్నాను. అవ్వ సిద్ధం కావడం కాగితం దగ్గరికి చేరడానికి, నాది దానికి దూరంగా ఉండడానికి. పలక ఆరకముందే రాసినందుకు ఒక పాపం, నలభై ఏండ్లు ఆరబెడుతూనే ఉన్నందుకు ఇంకొకటి.

ఆ శనివారం దొండాకు వాసన తగిలినాక ఇంక ఆగలేకపోయినాను. రాతిపలక కోసం మూడు అంగళ్ళు తిరిగినాను, ఒక పిల్లవాడు ప్లాస్టిక్ పలక తెచ్చి చూపించినాడు, "ఇదే మేడం ఇప్పుడు, రాయి ఎవరు కొంటారు" అని. చివరికి నా దగ్గరే ఉన్న అమ్మ పాత ఇనపపెట్టె అడుగున ఆ పలకే దొరికింది, పంటి గుర్తుల చట్రంతో. గ్యాసు పొయ్యి ఇంట్లో బొగ్గు యాడిది, ఇస్త్రీ బండాయన దగ్గర అడిగి తెచ్చినాను. రుద్దినాను, మిద్దె మీద ఎండలో పెట్టి పక్కనే కూర్చున్నాను. మొదటి మాటు రాసిందాంట్లో నన్ను నేను తిట్టుకున్నాను, తుడిచేసినాను. రెండో మాటు రాసిందాంట్లో నేను చిన్నపిల్లనని, ట్రాక్టరు పోతా ఉందని సాకులు చెప్పుకున్నాను, అదీ తుడిచేసినాను. మూడోది కన్నడ అక్షరాల్లో కాగితం మీదికి ఎక్కించినాను. ఒక పేజీ కూడా కాలేదు. ఆమె దాన్ని యాడ కూర్చుని చదువుతుందో నాకు తెలియాలి కదా, అందుకని పోస్టులో వేయకుండా నేనే తీసుకుపోయినాను.

రత్నత్త ఇంట్లో ఇప్పుడు పురుగులు లేవు, తట్టలు లేవు. నాలుగు సీమావులున్నాయి. ఆ పురుట్లో పుట్టిన కూతురు, ఇప్పుడు నలభై దాటిన మనిషి, నాకు కాఫీ ఇచ్చి డైరీకి పాలు పోయడానికి పోయింది. అత్త వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోనుంది. కాగితం చేతికిచ్చినాను. ఆమె వేళ్ళతో దాని అంచులు తడిమి, తిరిగి నాకే ఇచ్చింది.

"షుగరొచ్చి కండ్లు పోయినాయి పాపా. నువ్వే సదువు."

మళ్ళీ అదే. నా చేతిలో కాగితం, ఎదురుగా చదవలేని మనిషి, చదువు అనే మాట. నేనేం చదివినా ఆమె నమ్ముతుంది. రెండు వాక్యాలు చదివేసరికి, కాగితం మీద లేని మాట, "అప్పుడు నేను చిన్నపిల్లను అత్తా" అనే మాట నాలిక మీదికి వచ్చింది. నోరు మూసుకున్నాను. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చివరిదాకా చదివినాను.

అత్త తల వంచుకుని వినింది. ఆవు తోక విదిలిస్తే ముఖం మీద పడిన తుంపర కూడా తుడుచుకోలేదు. "చంద్రికెల పక్కన నిలబడి సదివినా దాన్ని. చేతినిండా ఆకు" అనింది చివరికి. "పేజీ ఎనక నల్లగా మరక ఉన్నింది. పలక మరకని అప్పుడే కనుక్కున్నా. మాయమ్మ పలక రుద్దించి, ఆలోచించుకోని, ఇంత మాట అనిందే అని ఏడిస్తి." ఆ మరక ఆమెకు సాక్ష్యమైందని నాకు అప్పుడే తెలిసింది. తడి పలక మీద కాగితం పెట్టింది నేనే.

"తుడిచెయ్యమనినాక ఏం సెప్పిందో అది సెప్పు" అనింది.

చెప్పినాను. ఒక్క మాట మరిచిపోలేదు నేను. ఆమె రెండో మాటు చెప్పించుకుంది, మూడో మాటు చెప్పించుకుంది. తర్వాత, "అది రాసియ్యి" అనింది. చదవలేని మనిషికి కాగితమెందుకని నేను అడగలేదు. సంచిలోంచి పెన్ను తీసి, చిత్తు లేకుండా, ఆగకుండా రాసినాను. ఇన్ని ఏండ్లుగా ఆరిపోయి ఉన్న ఉత్తరం, దానికి పలకతో పని లేకపోయింది. రాసి, పైకి చదివినాను.

"రత్నా, ఏడో నెల పడిందని వింటిమి. పురుగులు గూడు కట్టే వారం ఆ ఇంట్లోంచి కాలు బయట పెట్టలేవు, నాకు తెలుసు. మీ నాయనకు నువ్వు ఆడనుంచి దండం పెట్టుకున్నా సాలు. గౌరి పండగ చేట ఎత్తిపెట్టినాము. ఏ పొద్దు పిల్చుకోని రావల్లనో రాయి, మీ అన్నను పంపిస్తా. గడపకు పసుపు పూసి పెట్టుంటాము, వచ్చేయి తల్లీ."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. తిట్టలేదు. నాకు తిడితే బాగుండునని ఉంది. పొద్దు వాలుతా ఉంది, కూతురు ఖాళీ క్యాను పట్టుకుని వీధి మలుపులో వస్తా ఉంది.

"ఆ గడప ఉండాదా పాపా?" అనింది.

మా తమ్ముడు ఆ ఇల్లు పడగొట్టి మూడేండ్లయింది. ఆ తావులో మిద్దె కట్టినాడు, వాకిలికి నున్నటి నల్లబండ వేయించినాడు. పాత గడప మాను చెద పట్టిందని వంటచెరకు కింద కొట్టేసినారు. దొండపాదు దడీ లేదు, అరుగూ లేదు, అంచె డబ్బా ఉన్న చోట సెల్ఫోను టవరుంది.

"లేదత్తా" అన్నాను.

ఆమె చూపు లేని కండ్లు నా వైపు తిప్పింది.

"అయితే నేను యాడికి రావల్ల?"

మూడు మాట్లు రాసుకుని, తుడుచుకుని, మళ్ళీ రాసుకుని, అన్నీ సిద్ధం చేసుకుని పోయినదాన్ని. దీనికి మాత్రం జవాబు సిద్ధం చేసుకుని పోలేదు.